ముందు ఊహ, ఆ తర్వాతే స్విచ్: ఒక ప్రాజెక్టు డైరీ

సెమిస్టర్ మొదలవకముందు

బోధనలో టెక్నాలజీ వాడకం మీద నేను చదువుతున్న కోర్సుకి ప్రాజెక్టు ఇది, చిన్నదే. డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకు నేను టీచింగ్ అసిస్టెంట్‌గా తీసుకునే ఫిజిక్స్ సెక్షన్లలో డీసీ సర్క్యూట్ల యూనిట్‌ని టెక్నాలజీ సాయంతో మళ్లీ తయారు చేయాలి. చేస్తున్నంతసేపూ ఏం మార్చానో, ఎందుకు మార్చానో రాసిపెట్టాలి. మార్కులు ఈ రాతకే ఎక్కువని మా గైడ్ గారు ముందే చెప్పేశారు కాబట్టి డైరీ బద్ధకించకుండా నడుస్తుందని ఆశ.

తోటి విద్యార్థుల ప్రపోజళ్లలో చాలా మటుకు టూల్ పేరుతోనే మొదలయ్యాయి. ఫలానా యాప్‌తో వ్యాకరణం, ఫలానా హెడ్‌సెట్‌తో చరిత్ర. నేను పాఠం వైపు నుంచి రావాలనుకున్నాను. సర్క్యూట్లు ఎంచుకోవడానికి కారణం ఉంది. ఓమ్ సూత్రం లెక్కలు గబగబా చేసేసే విద్యార్థి కూడా, అదే సర్క్యూట్‌లో ఏ బల్బు ఎక్కువ వెలుగుతుందంటే నసుగుతాడు.

దీని మీద పేరున్న ప్రశ్న ఒకటుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మట్, పీటర్ షాఫర్ 1992లో ప్రచురించిన పరిశోధనలోది. ఒకేలాంటి బ్యాటరీలు మూడు, ఒకేలాంటి బల్బులు ఐదు. మొదటి బ్యాటరీకి ‘ఏ’ అనే బల్బు ఒక్కటే. రెండోదానికి ‘బి’, ‘సి’ సిరీస్‌లో. మూడోదానికి ‘డి’, ‘ఇ’ పారలల్‌లో. వెలుగును బట్టి వరసలో పెట్టమంటారు, అంతే. అంకెలు లేవు, ఫార్ములా అక్కర్లేదు. ఏ, డి, ఇ సమానంగా వెలుగుతాయి. బి, సి తమలో తాము సమానమే గానీ మిగతా మూడింటికన్నా తక్కువ. ఈ వరస సరిగ్గా చెప్పినవాళ్లు సుమారు 15 శాతమే. పాఠం అయ్యాక అడిగినా అంకె పెద్దగా కదల్లేదు.

పాఠం చెప్పినా కదలని చోట టూల్ ఏమైనా కదిలించగలదా అన్నదే చూడాలి.

టూల్స్ వడపోత

మొదట రాసుకున్న జాబితా చాంతాడంత ఉంది. సిమ్యులేషన్లు, లైవ్ పోలింగ్, చిన్న వీడియోలు, ఆన్‌లైన్ క్విజ్‌లు, ఫ్లాష్‌కార్డ్ యాప్, డిస్కషన్ బోర్డు, చివర్లో వర్చువల్ రియాలిటీ కూడా. జాబితా రాయడానికి పట్టిన టైమ్ తక్కువ, కొట్టేయడానికి పట్టింది చాలా ఎక్కువ.

కోర్సులో చదివిన చట్రాలతో కొట్టేద్దామని చూశాను. పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో ప్రతిపాదించిన టీపాక్ నాకు నచ్చుతుంది. సబ్జెక్టు తెలియడం, బోధన తెలియడం, ఆ సబ్జెక్టుని బోధించడం తెలియడం మూడూ వేర్వేరని లీ షుల్మన్ 1986లోనే అన్నారు. వీళ్లు దానికి టెక్నాలజీని జోడించారు. ఆలోచన బాగుంది. కానీ ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనేది అది చెప్పదు. రూబెన్ ప్యూంటెడురా రూపొందించిన శామర్ నిచ్చెన చెప్తున్నట్టే ఉంటుంది. పాతదాని స్థానంలో కొత్త పనిముట్టు పెట్టడం కింది మెట్టు, అంతకుముందు ఊహించలేని పని చేయించడం పై మెట్టు. చిక్కేమిటంటే నిచ్చెన అనగానే అందరి చూపూ పై మెట్టు మీదే ఉంటుంది. చేతులెత్తించే బదులు ఫోన్‌లో ఓటు వేయించడం కింది మెట్టే. అయినా సిగ్గుపడి చేయెత్తని విద్యార్థి మనసులో ఏముందో ఆ కింది మెట్టే నాకు చూపిస్తుంది.

ఇంకోవైపు రిచర్డ్ క్లార్క్ ఉన్నారు. 1983లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ గొడవే. సరుకులు తెచ్చిన లారీ వల్ల మనకు పోషణ పెరగనట్టే, పాఠాన్ని మోసే మాధ్యమం వల్ల నేర్చుకోవడం పెరగదని ఆయన వాదం; పెంచేది లోపలున్న బోధనా పద్ధతి. మాధ్యమానికి తనదైన శక్తి ఉంటుందని రాబర్ట్ కోజ్మా 1991లో ఎదురు వాదించారు. నేను క్లార్క్ వైపే కొంచెం ఎక్కువ మొగ్గుతాను. కానీ సర్క్యూట్ల దగ్గరికొచ్చేసరికి కోజ్మా మాటలో బలం కనిపిస్తుంది. కరెంటు కంటికి కనబడదు. బోర్డు మీద బాణం గీయగలను గానీ బాణాన్ని కదిలించలేను.

చివరికి నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను: ఈ టూల్ వాడితే, క్లాసు అయిపోకముందే నేను చెప్పబోయేది మార్చుకునే అవకాశం వస్తుందా? రాదంటే తీసేయడమే. వీఆర్ పోయింది. డిస్కషన్ బోర్డు పోయింది, అందులో ఎవరేం రాశారో నేను చదివేసరికి క్లాసు ఎప్పుడో ముగిసిపోతుంది కాబట్టి. ఫ్లాష్‌కార్డులు మంచివే, కానీ అవి విద్యార్థి సొంత పని. మిగిలినవి సిమ్యులేషన్, పోలింగ్, చిన్న క్విజ్‌లు. వీడియోలు నా పరీక్షలో తప్పాయి, గైడ్ గారి సిఫార్సు మీద ఉండిపోయాయి.

సిమ్యులేషన్ ఏదన్నదాంట్లో పెద్దగా ఆలోచించలేదు. 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ ప్రాజెక్టులో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ ఉంది. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, లాగిన్ అడగదు. ఈ చివరిది నాకు చాలా ముఖ్యం. విద్యార్థుల పేర్లూ ఈమెయిళ్లూ బయటి సర్వర్‌కి పంపే ఏ టూల్‌నైనా వాడాలంటే ఎథిక్స్ కమిటీ ఫారాలు నింపాలి. ఫారాల సంగతి అటుంచి, రెండు బల్బులు వెలిగించడానికి విద్యార్థి ఈమెయిల్ ఎందుకు?

ప్రీ-టెస్ట్

బల్బుల ప్రశ్నే ఇచ్చాను, కాగితం మీద. వరసతో పాటు ‘ఎందుకు?’ అని రాయమన్నాను. వరసల్లో తప్పులు ఊహించినవే. నాకు పనికొచ్చింది ఆ ‘ఎందుకు’లే.

ఎక్కువగా కనిపించినవి రెండు. ఒకటి, ‘కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోతుంది, అందుకే సి మసగ్గా ఉంటుంది.’ రెండు, ‘బ్యాటరీ ఇచ్చేది ఎప్పుడూ అంతే కరెంటు. పారలల్‌లో డి, ఇ దాన్ని చెరిసగం పంచుకుంటాయి.’ రెండూ పరిశోధనల్లో దశాబ్దాలుగా నమోదవుతున్నవే. మా విద్యార్థులు తెలివితక్కువగా ఏమీ ఆలోచించడం లేదు. ఇంట్లో కరెంటు ‘వాడతాం’, దానికి బిల్లు కడతాం, బ్యాటరీ ‘అయిపోతుంది’. ఇంత అనుభవం ఉన్నాక కరెంటు ఖర్చవదని నమ్మించడానికి ఒక్క సమీకరణం ఏం సరిపోతుంది?

రెండో వివరణ మొండిది. బ్యాటరీ నిలకడగా పట్టి ఉంచేది వోల్టేజ్‌ని, కరెంటుని కాదు. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల బల్బు తగిలిస్తే 0.9 ఆంపియర్లు. రెండు బల్బులు సిరీస్‌లో ఉంటే 0.45. రెండూ పారలల్‌లో ఉంటే ఒక్కోదానికీ 0.9, బ్యాటరీ నుంచి మొత్తం 1.8. అంటే తగిలించినదాన్ని బట్టి బ్యాటరీ ఇచ్చే కరెంటు మారుతుంది. ఈ లెక్క బోర్డు మీద చేస్తే అందరూ తలూపుతారు. తలూపడాన్ని డేటాగా తీసుకోకూడదని ఈ కోర్సులో నేర్చుకున్న మొదటి సంగతి.

పోలింగ్ ప్రశ్నలకు ఆప్షన్లు కూడా ఇక్కడి నుంచే తీసుకున్నాను. తప్పు ఆప్షన్లు నేను కూర్చుని కల్పిస్తే ఎవరూ పడని వలలా తయారవుతాయి. విద్యార్థులు రాసిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా పెడితే ‘ఇది నేనన్నదే’ అన్నట్టు కళ్లు మెరుస్తాయి, వాదన అక్కడే మొదలవుతుంది.

తొలి సిమ్యులేషన్ క్లాసులు

మొదటి కొన్ని నిమిషాలు ఏమీ చెప్పకుండా వదిలేశాను. ఫెట్ బృందం కూడా ఇదే సలహా ఇస్తుంది: ముందు ఆడుకోనివ్వండి అని. ఆడుకోవడమంటే మా సెక్షన్‌లో బ్యాటరీకి మంట పెట్టడం. వైరుతో రెండు కొనలూ కలిపేస్తే స్క్రీన్ మీద మంటలు లేస్తాయి. ఒకరు కనిపెట్టగానే గది గదంతా అదే పని. షార్ట్ సర్క్యూట్ గురించి నేను రాసుకున్న స్లైడ్ అవసరం తీరిపోయింది. దాన్ని డిలీట్ చేస్తుంటే కలిగిన సంతోషం వేరు.

అసలు పని ఆ తర్వాత. స్విచ్ తెరిచి ఉంచి బల్బుల సర్క్యూట్ కట్టాలి. స్విచ్ వేసేముందు ఏం జరుగుతుందో షీటు మీద పెన్నుతో రాసి, పక్కనున్నవాళ్లకు చెప్పాలి. ఆ తర్వాతే స్విచ్. ‘ఊహించు, గమనించు, వివరించు’ అన్న ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టన్ దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. పెన్నుతోనే అని నేను పట్టుబట్టడానికి కారణముంది. ఊహ రాయకుండా నేరుగా స్విచ్ వేసినవాళ్లు ఫలితం చూసి ‘ఆఁ, అంతే కదా’ అంటారు. రాసినవాళ్లు ‘అదేంటి?’ అంటారు. సిమ్యులేషన్ ఒకటే, చూసే కళ్లు మారిపోతాయి. ఆ కాసేపట్లో పని చేసింది కంప్యూటరా, కాగితమా అంటే క్లార్క్ గారు గెలిచినట్టే అనిపిస్తుంది.

కానీ చుక్కల విషయంలో కోజ్మాకీ వాటా ఇవ్వాలి. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు నీలం చుక్కల్లా వైరంతా కదులుతాయి. బల్బుకి ముందూ తర్వాతా ఒకే వేగం, ఒకే సాంద్రత. ‘ఖర్చయిపోతే ఇటువైపు చుక్కలు తగ్గాలి కదా?’ అని ఒకమ్మాయి తనంతట తనే అంది. నేనెన్ని బాణాలు గీసినా ఆ ప్రశ్న పుట్టేది కాదు.

చుక్కలతో ఒక ప్రమాదం కూడా ఉంది. బ్యాటరీ నుంచి బయల్దేరిన చుక్క నడిచి నడిచి బల్బు దగ్గరకు చేరాకే అది వెలుగుతుందన్న భావన పుట్టవచ్చు. అందుకని షీటులో ఒక ప్రశ్న చేర్చాను: ‘స్విచ్ వేయగానే ముందు కదిలిన చుక్క ఏది?’ అన్నీ ఒకేసారి కదులుతాయి. నిజం రాగి తీగలో ఎలక్ట్రాన్ల ప్రయాణం నత్తకన్నా నెమ్మది. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న తీగలో ఒక ఆంపియరు పారుతుంటే సెకనుకి మిల్లీమీటరులో పదో వంతు కూడా కదలవు. అయినా స్విచ్ వేయగానే లైటు వెలుగుతుందంటే ఆ వేగానికీ దీనికీ సంబంధం లేదన్నమాట. ఈ చర్చ మీద ప్లాన్‌కన్నా ఎక్కువ టైమ్ పోయింది. పోనీ.

పోలింగ్

ఎరిక్ మజూర్ హార్వర్డ్‌లో 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతినే తీసుకున్నాను. ప్రశ్న వేయాలి, ఎవరికి వాళ్లు ఆలోచించి ఓటు వేయాలి, పక్కవాళ్లను ఒప్పించే ప్రయత్నం చేయాలి, మళ్లీ ఓటు. మొదటి ఓటులో సరైన జవాబు మరీ తక్కువమందికి తెలిస్తే చర్చ సాగదు, మరీ ఎక్కువమందికి తెలిస్తే చర్చ అనవసరం. మధ్యస్థంగా ఉన్నప్పుడే పండుతుంది. 30 నుంచి 70 శాతం మధ్య అని సాధారణంగా చెప్తారు.

మొదటి ప్రయత్నం ఆన్‌లైన్ పోలింగ్‌తో. గదిలో అందరూ ఒకేసారి కనెక్ట్ అయ్యేసరికి నెట్‌వర్క్ చేతులెత్తేసింది. సగం ఫోన్లలో గుండ్రం తిరుగుతూనే ఉంది. కొందరికి డేటా లేదు, ఒకరికి ఫోనే లేదు. ప్రశ్న చల్లారిపోకముందే ‘వేళ్లతో చూపించండి, గుండెల దగ్గర పెట్టి, పక్కవాళ్లకు కనబడకుండా’ అన్నాను. గదిని చూస్తే చాలు, లెక్క అర్థమైపోయింది.

ఆ తర్వాత క్లాసు నుంచి ముద్రించిన కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో గుర్తు, ఏ వైపు పైకి పెట్టి పట్టుకుంటే ఆ జవాబు. నా ఫోన్ కెమెరా ఒకసారి గదిని చుట్టి వస్తే ఓట్లన్నీ పడిపోతాయి. ప్లికర్స్ అన్న యాప్ ఇలా పనిచేస్తుంది. విద్యార్థుల దగ్గర ఏ పరికరమూ అక్కర్లేదు. ఫోన్ లేనివాళ్లు ఎవరో కూడా బయటపడదు. ఈ మాట నా ప్రపోజల్‌లో లేదు గానీ ఉండాల్సింది.

క్లిక్కర్లూ (బటన్ నొక్కి ఓటు వేసే చిన్న పరికరాలు), చేత్తో ఎత్తి చూపే జవాబు కార్డులూ పెట్టి నథానియల్ లాస్రీ 2008లో పోల్చి చూస్తే నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఊరటగానే ఉంది. ఎలక్ట్రానిక్ పరికరం వల్ల కలిసొచ్చేది టీచర్‌కే: ఓట్లు సేవ్ అవుతాయి, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

డి, ఇ ప్రశ్నకి ఓట్లు దాదాపు రెండుగా చీలిపోయాయి. ఆ రోజు ప్లాన్ ప్రకారం కిర్కాఫ్ నియమాలు మొదలుపెట్టాలి. పక్కన పెట్టేశాను. ఈ టూల్‌ని ఉంచుకున్నది ఇందుకే కదా. గది మధ్యలో విన్న సంభాషణ ఇలా సాగింది:

‘అరే, బ్యాటరీ అదే కదా. ఇంకో బల్బు తగిలిస్తే ఎక్కువ కరెంటు ఎక్కడి నుంచి తెస్తుంది?’

‘తెచ్చేదేముంది, దారి ఇంకోటి తెరుచుకుంది. దాంట్లోనూ పోతుంది.’

‘మరి మొదటి దారిలోది తగ్గదా?’

‘ఎందుకు తగ్గాలి? దాని రెండు కొనల మధ్యా వోల్టేజ్ మారిందా?’

నేను చెప్పాలనుకున్న వాక్యం ఆ చివరిదే. నాకన్నా ముందే, నాకన్నా తక్కువ మాటల్లో వచ్చేసింది. రెండో ఓటులో గది సరైన జవాబు వైపు బాగానే జరిగింది. తెలిసినవాళ్లు చెప్తే తెలియనివాళ్లు ఓటు మార్చారంతే అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. కొలరాడోలో మిషెల్ స్మిత్ బృందం 2009లో జన్యుశాస్త్రం క్లాసులో సరిగ్గా దీన్నే పరీక్షించింది. చర్చ అయ్యాక అదే అంశం మీద ఇంకో కొత్త ప్రశ్న ఇస్తే, ముందు గుంపులో ఒక్కరికీ జవాబు తెలియని చోట కూడా మెరుగుదల కనిపించింది. అందుకే నేనూ ఆ తర్వాతి క్లాసుల్లో రెండో ఓటు తర్వాత పోలిక ఉన్న మరో ప్రశ్న వేస్తున్నాను.

నిజం బల్బుల దగ్గర

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన రోజు ఇదే. సిమ్యులేషన్ అయ్యాక ల్యాబ్‌లో నిజం బ్యాటరీలూ టార్చి బల్బులూ ఇచ్చాను. అదే సర్క్యూట్, అదే షీటు.

డి, ఇ రెండూ ఏ కన్నా కాస్త మసగ్గా వెలిగాయి.

‘మేడమ్, సిమ్యులేషన్ తప్పు చెప్పింది’ అన్నాడొకడు, ఏదో నేరం పట్టుకున్నంత ఆనందంగా. పక్క బెంచీ నుంచి ‘నేను ముందే చెప్పానుగా, పంచుకుంటాయని’ అని ఇంకొకరు. ప్రీ-టెస్ట్‌లో ఉన్న ‘చెరిసగం’ వాదం ప్రాణం పోసుకుని లేచి కూర్చుంది. ల్యాబ్‌లో ఇలా జరగవచ్చని తెలిసే వోల్ట్‌మీటర్లు సిద్ధంగా పెట్టుకున్నాను. జవాబు చెప్పకుండా, బ్యాటరీ రెండు కొనల మధ్య వోల్టేజ్ కొలవమన్నాను. ఒక బల్బుతో ఒకసారి, రెండు బల్బులతో ఒకసారి. రెండోసారి తగ్గింది. బ్యాటరీ పట్టి ఉంచాల్సిన వోల్టేజ్ జారిపోయింది.

అప్పుడు మళ్లీ లాప్‌టాప్‌ల దగ్గరకు. సిమ్యులేషన్ సెట్టింగుల్లో బ్యాటరీ అంతర్గత నిరోధాన్ని, అంటే కరెంటుకి బ్యాటరీ లోపలే ఎదురయ్యే అడ్డుని, మార్చే స్లైడర్ ఉంటుంది. అప్పటిదాకా అది సున్నాలో ఉంది. దాన్ని 2 ఓములకు జరపమన్నాను. 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓముల బల్బు ఒక్కటే ఉంటే కరెంటు 0.75 ఆంపియర్లు, బల్బుకి దక్కేది 7.5 వోల్టులు. రెండు పారలల్‌లో పెడితే మొత్తం కరెంటు సుమారు 1.29, ఒక్కో బల్బుకీ దక్కేది సుమారు 6.4 వోల్టులు. తగ్గింది, కానీ సగం కాలేదు. ‘చెరిసగం’ నిజమైతే బల్బు కరెంటు 0.75 నుంచి 0.375కి పడిపోవాలి, పడింది 0.64 దగ్గరకు. బ్యాటరీ ఇచ్చే కరెంటు మాత్రం 0.75 నుంచి 1.29కి పెరిగింది. ఆ అంకెలు పక్కపక్కన రాశాక వాదన ఆగిపోయింది. స్లైడర్‌ని జరుపుతూ జరుపుతూ తమ బెంచీ మీది రీడింగులకు దగ్గరగా తెచ్చిన జట్టు, బ్యాటరీని విప్పకుండానే దాని లోపలి నిరోధాన్ని అంచనా కట్టేసింది. అది షీటులో అడగలేదు.

బల్బు ఫిలమెంటు సంగతి వేరే. టంగ్‌స్టన్ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, పూర్తిగా వెలిగినప్పుడు చల్లగా ఉన్నప్పటికన్నా సుమారు పది రెట్లుంటుంది. సిరీస్‌లో ఉన్న బి, సి సగం సగం వోల్టేజ్‌తో చల్లగా ఉంటాయి కాబట్టి వాటి నిరోధం తక్కువ, కరెంటు సగంకన్నా ఎక్కువే పారుతుంది. సిమ్యులేషన్‌లోని మామూలు బల్బు మాత్రం ఎప్పుడూ 10 ఓములే. ఈ తేడా ఇద్దరు ముగ్గురే గమనించారు. వాళ్లతో క్లాసు తర్వాత మాట్లాడాను.

సిమ్యులేషన్ ల్యాబ్‌కి బదులా, తోడా అన్న చర్చ కోర్సులో తరచూ వస్తుంది. నోవా ఫింకెల్‌స్టీన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సర్క్యూట్లను సిమ్యులేషన్‌తో నేర్చుకున్నవాళ్లు నిజం పరికరాలతో నేర్చుకున్నవాళ్లకన్నా భావనల పరీక్షలోనే కాదు, నిజం సర్క్యూట్ కట్టి వివరించడంలోనూ మెరుగ్గా చేశారు. అది చదివాక ల్యాబ్ అవసరమా అని నాకూ అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. రెండూ ఒకదానితో ఒకటి విభేదించిన చోటే మాకు ఎక్కువ పాఠం దొరికింది.

ఫిర్యాదు

అజ్ఞాత ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఒకరు: ‘మీరు నేరుగా చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మాలో మేము మాట్లాడుకుంటే టైమ్ వేస్ట్.’ ఇంకొందరిది ఇదే స్వరం. ఎగ్జామ్ టెన్షన్ కూడా ఉంది, కాదనను.

హార్వర్డ్‌లో లూయీ డెలొరియే బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీని గురించే. చురుగ్గా పాల్గొనే క్లాసులో కూర్చున్నవాళ్లు పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. సాఫీగా సాగే లెక్చర్ అర్థమైనట్టే ఉంటుంది మరి. ఈ సంగతిని విద్యార్థులకే చెప్పాను, గ్రాఫ్ చూపించి. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ‘ఏమో’ అన్నారు. అయితే ఫిర్యాదులో న్యాయమైన ముక్క ఒకటుంది: చర్చ ముగిశాక సరైన వాదన ఏమిటో ఎవరో ఒకరు స్పష్టంగా చెప్పకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లకూడదు. ఇప్పుడు ప్రతి ప్రశ్న చివరా ఆ పని నేనే చేస్తున్నాను, రెండు మూడు వాక్యాల్లో.

వీడియోలు

త్వరగా రాసేస్తాను, ఎందుకంటే చెప్పడానికి ఎక్కువ లేదు. ఫిలిప్ గువో బృందం 2014లో ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలు పరిశీలించి, 6 నిమిషాలు దాటని వీడియోలనే జనం ఎక్కువగా చూస్తారని తేల్చింది. నావీ అంతలోపే. రిచర్డ్ మేయర్ సూత్రాల ప్రకారం నేను మాట్లాడుతున్న మాటల్నే తెర మీద నింపలేదు, సంగీతం పెట్టలేదు. సబ్‌టైటిల్స్ మాత్రం విడిగా ఇచ్చాను, కావలసినవాళ్లు ఆన్ చేసుకోవచ్చు. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు అవి ఉండి తీరాలి. ఎడిటింగ్‌కి పట్టిన సమయం చూస్తే, అదే సమయంలో మంచి ప్రశ్నలు ఎన్ని రాసుకోవచ్చో అనిపిస్తుంది. క్లాసుకి రాలేకపోయినవాళ్లకు పనికొస్తున్నాయి. అంతవరకే.

క్విజ్‌లు

క్లాసు మొదట్లో చిన్న క్విజ్, పాత యూనిట్ నుంచి. మార్కులు లేవు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన ప్రయోగం దీనికి ఆధారం. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ చెప్పగలిగారు. వారం తర్వాత చూస్తే మాత్రం, ఒకసారి చదివి ఆపై గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది, చదువుతూ పోయినవాళ్లకు 40.

మొదట ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గర చేసేలా పెట్టాను. చాట్‌బాట్‌లు వచ్చాక ఇంటి క్విజ్ ఎవరి జ్ఞాపకాన్ని పరీక్షిస్తోందో చెప్పడం కష్టం. జవాబుల్లో హఠాత్తుగా వ్యాసాల భాష దిగింది. క్లాసులోకి, అదే కార్డుల మీదకి మార్చేశాను. ఏ ప్రశ్న దగ్గర గది తడబడిందో చూసి ఆ రోజు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో నిర్ణయించుకుంటున్నాను.

పోస్ట్-టెస్ట్, గైడ్ గారి ప్రశ్న

బల్బుల ప్రశ్నకి జంట ప్రశ్నలు కలిపి పోస్ట్-టెస్ట్ పెట్టాను. రిచర్డ్ హేక్ 1998లో 6,000కు పైగా విద్యార్థుల డేటా విశ్లేషించడానికి వాడిన కొలతనే వాడాను: పెరిగిన మార్కుల్ని, పెరగడానికి వీలున్న మార్కులతో భాగించడం. 40 నుంచి 70కి పెరిగితే 60లో 30, అంటే 0.5. ముందే బాగా వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఒకే న్యాయం.

మా సెక్షన్లలో పెరుగుదల బాగుంది. ‘ఖర్చయిపోయే కరెంటు’ దాదాపు మాయమైంది. ‘చెరిసగం’ తగ్గింది గానీ పోలేదు. కొత్త రకం సర్క్యూట్ ఇస్తే మళ్లీ తల ఎత్తుతోంది.

గైడ్ గారు గ్రాఫులన్నీ ఓపిగ్గా చూసి ఒక్కటే అడిగారు. ‘ఇందులో సిమ్యులేషన్ వాటా ఎంతమ్మా? ప్రిడిక్షన్ షీటుది ఎంత? ఈ యూనిట్‌కి నువ్వు ఎక్కువ టైమ్ ఇచ్చావు కదా, దానిదెంత?’

‘విడదీయలేను సార్’ అన్నాను.

‘క్లార్క్ మొత్తుకున్నది దాని గురించే’ అని నవ్వారు. టూల్‌తో పాటు పద్ధతీ మారిపోతే, ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. పాత అధ్యయనాల్లో చాలావాటి మీద ఆయన వేసిన నింద అదే.

కాబట్టి తర్వాతి విడతకి డిజైన్ మారింది. టూల్ ఉందా లేదా అన్న పోలిక వద్దు. రెండు సెక్షన్లకీ అదే సిమ్యులేషన్, అంతే సమయం. ఒకదాంట్లో స్విచ్ వేయకముందు పెన్నుతో ఊహ రాయాలి. ఇంకోదాంట్లో ఫలితం చూశాక వివరణ రాయాలి. ఎవరికీ నష్టం జరగకుండా ఆ తర్వాతి యూనిట్‌లో సెక్షన్లు తారుమారు. ఎథిక్స్ కమిటీకి సవరణ పత్రం పంపాను. ఇది ఒప్పుకుంటారనే నమ్మకం.

ప్రస్తుతం

తర్వాతి యూనిట్ కెపాసిటర్లు. ఫెట్‌లో దానికీ ల్యాబ్ ఉంది, ఆఫ్‌లైన్ కాపీలు ముందే లాప్‌టాప్‌లలోకి దింపేశాను. ప్రశ్న కూడా కుదిరింది: ఛార్జ్ చేసిన కెపాసిటర్‌ని బల్బుకి కలిపితే, ప్లేట్ల మధ్య ఖాళీ ఉన్నా బల్బు వెలుగుతుందా? వెలిగితే ఎంతసేపు, ఎలా?

ఆప్షన్లలో మూడు దొరికాయి. ‘ఖాళీ ఉంది కాబట్టి అసలు వెలగదు.’ ‘బ్యాటరీలాగే నిలకడగా వెలుగుతుంది.’ ‘మొదట ఎక్కువగా వెలిగి, క్రమంగా మసకబారుతుంది.’ నాలుగోది విద్యార్థుల కాగితాల్లోంచే రావాలి. ప్రీ-టెస్ట్ వచ్చే సోమవారం.